ఆ నాలుగేళ్ళ ఆయుష్షు ఎటు పోతోంది?

సంగీత వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా అనే ముగ్గురు పరిశోధకులు 2022లో ఒక లెక్క ప్రచురించారు. 2010-11 వార్షిక ఆరోగ్య సర్వే జరిగిన తొమ్మిది రాష్ట్రాల్లో, ఏ వర్గంలో పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్ళు బతుకుతుందన్నది ఆ లెక్క. పై కులాల హిందువులతో పోలిస్తే ఆదివాసీల ఆయుష్షు 4 ఏళ్ళకు పైగా తక్కువ. దళితులది 3 ఏళ్ళకు పైగా. ముస్లింలది ఒక ఏడాది దాకా. ఇందులో వింతేముంది, పేదోళ్ళు కదా అంటారు ఎవరైనా. ఆ మాటనూ వాళ్ళు తూచి చూశారు. ఆస్తిపాస్తుల తేడాను లెక్కలోంచి తీసేసినా ఆ అంతరంలో సగం కూడా చెరగలేదు.

తెలంగాణ ఆ తొమ్మిదింటిలో లేదు, కాబట్టి ఆ అంకెలు తెచ్చి మన జిల్లాలకు అంటించలేం. కానీ ఛత్తీస్‌గఢ్ ఉంది. ములుగు జిల్లా పొలిమేర దాటితే వచ్చేది అదే. కోయల చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి. అంకె మనది కాకున్నా ప్రశ్న మనదే: పేదరికం లెక్క తేలాక కూడా మిగిలిపోయే ఆ ఏళ్ళు ఎటు పోతున్నాయి?

దీనికి మన దగ్గర రెండు తయారు జవాబులున్నాయి. ఒకటి దవాఖానలో వినపడేది: "ఏం లేదమ్మా, టెన్షన్ ఎక్కువైంది, రంది పెట్టుకోకు." ఇంకోటి సభల్లో వినపడేది: "అంతా వ్యవస్థ." మొదటిది తప్పంతా మనిషి నెత్తినే పెడుతుంది. రెండోది నిజమే గానీ, వ్యవస్థ అనేది ఏ దారిన పోయి గుండెనూ కిడ్నీనీ పాడు చేస్తుందో చెప్పదు. ఈ రెండింటి నడుమ ఉన్న దారిని వెతికేవాళ్ళు ఆరోగ్య మనస్తత్వశాస్త్రం మీద పనిచేసే విశ్వవిద్యాలయ పరిశోధకులు. దూరం, రోడ్డు, డాక్టరు దొరకకపోవడం, తాగేనీళ్ళు, ఇవన్నీ ఆ మిగిలిన ఏళ్ళలో తమ వాటా తీసుకుంటాయి. మనసుకూ ఒక వాటా ఉంది. అది ఎంత, ఎలా అన్నదే చిక్కుముడి.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన సర్కారు కాగితాల్లో మైనారిటీ అంటే మతం. ఈ పరిశోధనల్లో మాత్రం సంఖ్యలోనో అధికారంలోనో తక్కువగా ఉండి, ఆ తక్కువతనాన్ని రోజూ ఎవరో ఒకరు గుర్తుచేసే జనమంతా ఇందులోకి వస్తారు. అందుకే ఇక్కడ ఆదివాసీలు, లంబాడీలు, దళితులు, ముస్లింలు అందరి గురించీ మాట్లాడుతున్నాను. అలా కలిపేయడంలోనూ ఒక మోసం ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ప్రమాదం కనపడగానే మెదడు హెచ్చరిక పంపుతుంది. అడ్రినలిన్, దాని వెనకే కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది, రక్తం తొందరగా గడ్డకట్టేందుకు సిద్ధమవుతుంది. చేను గట్టు మీద పాము ఎదురైతే ఇవన్నీ ప్రాణం కాపాడేవే. పాము పోతుంది, ఒళ్ళు సర్దుకుంటుంది. మరి ఎదురయ్యేది పాము కాక, పోడు చేనులో మొలకలు పీకిస్తాడేమోనని భయపెట్టే ఫారెస్టు గార్డు అయితే? పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే ఓనరు అయితే? అది పోదు, రేపూ ఉంటుంది. 1993లో బ్రూస్ మెక్‌ఈవెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు ఇలా పదే పదే సర్దుకోవడం వల్ల ఒంట్లో పేరుకునే అరుగుదలకు అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. ఆటో స్టార్టర్ పెట్టిన బోరు మోటారును చూసిన రైతుకు ఇది చప్పున తెలుస్తుంది. కరెంటు వచ్చినప్పుడల్లా, నీళ్ళు అక్కర ఉన్నా లేకున్నా, మోటారు తనంతట తనే లేస్తుంది. లో వోల్టేజీలో లేచీ పడీ లేచీ పడీ ఒకనాడు కాయిల్ కాలిపోతుంది. ఏ రోజు కరెంటు దాన్ని కాల్చిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఇది ఊహ కాదనడానికి గట్టి ప్రయోగాలే ఉన్నాయి. షెల్డన్ కోహెన్ బృందం 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, వాళ్ళను విడిగా ఉంచి గమనించింది. 1991లో ఫలితాలు బయటికొచ్చాయి. మనసులో ఒత్తిడి బాగా తక్కువున్న వాళ్ళలో 27 శాతం మందికి జలుబు పట్టుకుంటే, బాగా ఎక్కువున్న వాళ్ళలో 47 శాతం మందికి పట్టుకుంది. వాడిన ఐదు రకాల వైరస్‌లలో ఏది వేసినా తీరు ఇదే. నాలుగేళ్ళ తర్వాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ ఇంకో పని చేశారు. డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు వచ్చిన బంధువులకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీలు, దాదాపు అదే వయసులో ఆ భారం లేని మరో 13 మంది. అందరి చేతి మీదా ఒకే సైజులో చిన్న గాయం. భారం లేనివాళ్ళకు సగటున 39.3 రోజుల్లో మానింది. సేవ చేస్తున్నవాళ్ళకు 48.7 రోజులు పట్టింది. చిన్న ప్రయోగమే, అయినా దీన్ని చదివినప్పుడల్లా మన దగ్గర షుగర్ పుండు మానని ఆడవాళ్ళు గుర్తొస్తారు. మందు మారుస్తాం, డ్రెస్సింగ్ మారుస్తాం. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళను ఎవరు చూసుకుంటున్నారమ్మా అని అడిగే కాలమ్ ఏ ఓపీ చీటీలోనూ ఉండదు.

ఒత్తిడి అందరికీ ఉంటుంది, మరి మైనారిటీల సంగతి ప్రత్యేకమా అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు కోసం 1997లో డేవిడ్ విలియమ్స్ బృందం అమెరికాలో ఒక ప్రశ్నావళి తెచ్చింది. అందులో పెద్ద పెద్ద అన్యాయాల ఊసు లేదు. ఉన్నవన్నీ చిల్లర సంగతులు: మిగతావాళ్ళకంటే మీకు మర్యాద తక్కువ దక్కుతోందా, హోటల్లో మిమ్మల్ని సరిగ్గా పట్టించుకోవడం లేదా, మీకు తెలివి తక్కువన్నట్టు చూస్తారా, మిమ్మల్ని చూసి భయపడ్డట్టు చేస్తారా. ఇలాంటివి తొమ్మిది. మన దగ్గర దీన్ని వాడాలంటే ప్రశ్నలే మార్చుకోవాలి. ఇంటి పేరు అడిగాక ఎదుటి మనిషి గొంతు మారిందా? గూడెం పేరు చెప్పగానే కౌంటర్ దగ్గర "మీకు ఎన్నిసార్లు చెప్పాలె" అన్నారా? హనుమకొండ కాలనీలో బురఖా వేసుకుని ఇల్లు చూడబోతే టులెట్ బోర్డు అక్కడే వేలాడుతుండగా లేదన్నారా? ఒక్కోటి చూస్తే పోలీసు కేసు పెట్టే పాటి సంగతులు కావు. రోజూ జరగాల్సిన పని కూడా లేదు. జరుగుతుందేమోనని ముందే కాచుకుని ఉండటమే ఒంటికి ఎక్కువ చేటు. మామూలుగా నిద్రలో రక్తపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం దిగాలి. వివక్ష ఎక్కువ ఎదుర్కొంటున్నామన్న వాళ్ళలో ఆ దిగుడు తక్కువగా ఉంటుందని అమెరికాలోని నల్లజాతీయుల మీద జరిగిన కొన్ని అధ్యయనాల్లో తేలింది. అంటే ఒళ్ళు రాత్రిపూట కూడా కాపలా కాస్తోంది.

కష్టపడి పైకొస్తే ఇదంతా పోతుందని నమ్మేవాళ్ళకు షెర్మన్ జేమ్స్ చెప్పే మనిషి కథ ఇబ్బంది కలిగిస్తుంది. నార్త్ కరోలినాలో జాన్ హెన్రీ మార్టిన్ అనే నల్లజాతి రైతు. చదువు రెండో తరగతి దాకానే, రాయడం చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు. అప్పు మీద కొన్న 75 ఎకరాల బాకీ మొత్తం గడువుకు ఎంతో ముందే, ఐదేళ్ళలో, తీర్చేశాడు. అప్పటికి అతని వయసు నలభై. యాభైల చివరికి వచ్చేసరికి బీపీ, కీళ్ళనొప్పులు, అల్సర్‌తో కడుపులో నలభై శాతం తీసేయాల్సి వచ్చింది. యంత్రంతో పోటీపడి గెలిచి, సుత్తి చేతిలో ఉండగానే కూలిపోయిన జాన్ హెన్రీ అనే జానపద వీరుడి పేరే ఇతనిదీ కావడం యాదృచ్ఛికం. జేమ్స్ 1983లో, ఏదేమైనా కష్టపడి నెగ్గాలనే ఈ లక్షణాన్ని కొలిచే పద్ధతిని ముందుకు తెచ్చారు. పట్టుదల ఎక్కువ, చేతిలో వనరులు తక్కువ అయినప్పుడు బీపీ పెరుగుతుందన్నది ఆయన వాదం. తర్వాతి పరిశోధనలన్నీ దాన్ని బలపరచలేదు, కొన్నిచోట్ల తేలింది, కొన్నిచోట్ల తేలలేదు. అయినా మహబూబాబాద్ తండా నుంచి వచ్చి, ఇంట్లో మొదటి డిగ్రీ తనదే అయ్యి, ఇరుకు గదిలో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లల బీపీ చూడాలని పరిశోధకుడెవరికైనా అనిపిస్తే అది మంచి ప్రశ్నే.

ఇక కొలవడం దగ్గరికి వద్దాం. ఈ రంగంలో అసలు తగువంతా ఇక్కడే.

కుంగుబాటును కొలవడానికి ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, 0 నుంచి 27 దాకా మార్కులు, 10 గానీ ఆపైన గానీ వస్తే జాగ్రత్త పడాలి. తొమ్మిదిలో నిద్ర, అలసట, ఆకలి గురించి ఒక్కో ప్రశ్న ఉంది. రక్తహీనత ఉన్న కొలాం ఆదివాసీ స్త్రీని అలసటగా ఉందా అని అడిగితే రోజూ ఉంది అంటుంది. ఆమెకు కావాల్సింది ఐరనా, కౌన్సెలింగా? రంజాన్ నెలలో వరంగల్ మండిబజార్‌లో సర్వే చేస్తే నిద్ర వేళలూ తిండి వేళలూ తలకిందులై ఉంటాయి. అది జబ్బు కాదు, ఉపవాసం. పత్తి ఏరే రోజుల్లో ఊరంతా అలసిపోయే ఉంటుంది. ఇవన్నీ మార్కులు పెంచేవి. తగ్గించేది తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోవాలనిపిస్తోందా అని. ఒంటి గది ఇంట్లో, అత్త పక్కనే కూర్చుని వింటుండగా ఏ కోడలు అవునంటుంది? ఒకే కాగితం ఒక చోట లేని బాధను పెంచి చూపిస్తుంది, ఇంకోచోట ఉన్న బాధను దాచేస్తుంది. రెండూ కలిపి వచ్చిన అంకెను పత్రికలు హెడ్‌లైన్ చేస్తాయి.

సరే, మాటలను నమ్మకుండా రక్తాన్నే నమ్ముదామంటే అక్కడా గొడవే. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల మీద ఆధారపడుతుంది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్నవాళ్ళలో ఆ కణాలు తొందరగా చనిపోతాయి కాబట్టి షుగర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ఆదిలాబాద్ వైపు గూడేల్లో ఈ రెండూ ఉన్నాయి. సికిల్ సెల్ నిర్మూలనకు 2023లో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టిందంటేనే సమస్య ఎంత ముదిరిందో తెలుస్తోంది. హనుమకొండ ఉద్యోగులకు పనికొచ్చే పరీక్షను ఉట్నూరు గూడేనికి అలాగే మోసుకుపోతే తప్పుడు పోలికే వస్తుంది. దీర్ఘకాలపు ఒత్తిడికి గుర్తుగా సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను కూడా కొలుస్తారు. అది మలేరియా వచ్చినా, కాలికి ముల్లు దిగి చీము పట్టినా పెరుగుతుంది.

కార్టిసాల్‌ను ఉమ్మిలో చూడొచ్చు. కానీ అది నిద్ర లేచాక అరగంటకు పైకెక్కి, రోజంతా దిగుతూ పోతుంది. ఏ నిమిషంలో ఉమ్మి పట్టారన్నది కచ్చితంగా తెలియాలి. కోడి కూతకు లేచే ఇంట్లో గడియారం చూసి సీసాలో ఉమ్మమనడం ఎంతవరకు జరిగే పనో మీరే ఆలోచించండి. పైగా ఏళ్ళ తరబడి ఒత్తిడిలో ఉన్నవాళ్ళలో కార్టిసాల్ పెరగడానికి బదులు పడిపోతుంది కూడా. గ్రెగరీ మిల్లర్ బృందం 2007లో పాత అధ్యయనాలన్నీ కూడబెట్టి చూసినప్పుడు, కష్టం మొదలైన కొత్తలో పెరిగి, కాలం గడిచే కొద్దీ తగ్గుతుందని తేలింది. తక్కువ ఉంటే ప్రశాంతంగా ఉన్నాడనుకునే ప్రమాదం ఉందన్నమాట. దీనికి విరుగుడుగా కొందరు వెంట్రుకలు అడుగుతున్నారు. వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్లలో మూడు నెలల చరిత్ర దొరుకుతుంది. శాస్త్రం బాగానే ఉంది. బాణామతి భయం ఇంకా పోని పల్లెల్లో, పరాయి మనిషి సంచీ పట్టుకుని వచ్చి మీ వెంట్రుకలివ్వండి అంటే ఏమవుతుందో ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ళు ఊహించి ఉండరు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మోసం. మైనారిటీ అంటే తక్కువ ఆరోగ్యం అని ఒక గీత గీసుకుంటే అది ముస్లిం పసిపిల్లల దగ్గరే తెగిపోతుంది. భారతదేశంలో ముస్లిం కుటుంబాలు సగటున హిందూ కుటుంబాలకంటే పేదవే అయినా, వాళ్ళ పిల్లలు మొదటి పుట్టినరోజు చూసే అవకాశం ఎక్కువని చాలాకాలం లెక్కలు చెప్పాయి. మైఖేల్ గెరూసో, డీన్ స్పియర్స్ 2018లో దీనికి ప్రధాన కారణం చూపారు: ముస్లిం కుటుంబాల్లో, వాళ్ళ చుట్టుపక్కల ఇళ్ళలో ఆరుబయటికి వెళ్ళే అలవాటు తక్కువ. మనసుకూ వివక్షకూ సంబంధం లేని, మరుగుదొడ్డికి సంబంధించిన జవాబు. ఒక వర్గాన్ని ఒకే రంగుతో పూసేయకూడదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు. ఎస్టీ అనే ఒక్క గడిలో గోండులు, కొలాములు, తోటీలు, కోయలు, లంబాడీలు అందరినీ వేయడమూ అంతే. ఇక ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలకు ఇక్కడ ఆ గడిలోనూ చోటు లేదు. సర్వేలో వాళ్ళు ఎక్కడా కనపడరు, ఒత్తిడి మాత్రం అందరికంటే ఎక్కువ మోస్తున్నది వాళ్ళే కావచ్చు.

నలుగురి మధ్య ఉండటం కాపాడుతుందా అన్నది ఇంకో ముడి. జేన్ బోయ్‌డెల్ బృందం 2001లో దక్షిణ లండన్‌లో చూసింది: ఒక వార్డులో నల్లజాతీయులు, ఆసియావాళ్ళు ఎంత తక్కువగా ఉంటే, వాళ్ళలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు కొత్తగా బయటపడటం అంత ఎక్కువ. తమవాళ్ళ మధ్య ఉన్నప్పుడు తక్కువ. మన దగ్గర తండాకూ కొత్త కాలనీలో ఒంటరిగా ఉన్న లంబాడీ ఇంటికీ, గూడెంలోని పిల్లకూ దూరపు హాస్టల్‌లో ఉన్న పిల్లకూ ఈ తేడా ఉంటుందా అన్నది పరీక్షించదగ్గదే. ప్రయాగలో మాఘమేళాకు వెళ్ళి నెల రోజులుండే యాత్రికుల మీద 2012లో వచ్చిన అధ్యయనం కూడా ఈ దారిలోదే. చలిలో, గుడారాల్లో, నానా ఇబ్బందులు పడి వచ్చినా, వెళ్ళనివాళ్ళతో పోలిస్తే తమ ఒళ్ళూ మనసూ మెరుగుపడ్డాయని వాళ్ళు చెప్పారు. మేడారం, కేస్లాపూర్ జాతరలను మన మీడియా ట్రాఫిక్ వార్తగా చూడటం మాని, ఎవరైనా ఇలా చూస్తే బాగుండు.

ఇంతకీ ఎవరు వెళ్ళి అడుగుతారు, జనం ఎందుకు చెప్పాలి? ఈ ప్రాంతానికి ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ప్రాజెక్టు పేరిట, గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు వేశారు. హాస్టల్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే చాలాచోట్ల సంతకాలు పెట్టారు. గుజరాత్‌లోనూ ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, క్యాన్సర్‌ను ఆపేదే. అందుకే ఆ సంతకాలు ఇంకా బాధాకరం. ఆ తర్వాత గూడేనికి పోయి రక్తం, ఉమ్మి, మనసులో మాట అడిగేవాళ్ళు సమ్మతి పత్రాన్ని గోండిలోనో కోయలోనో చదివి వినిపించడంతో ఆగకూడదు. ఫలితాలు ఇంగ్లిష్ జర్నల్లోకి పోయేముందు గూడెం పెద్దమనుషుల ముందు చెప్పాలి, బీపీ ఎక్కువ కనపడ్డవాళ్ళకు మందు అందేదాకా చూడాలి.

మరి మనసు నుంచే ఒంటికి ముప్పు వస్తుంటే, మనసుకు వైద్యం చేస్తే ఒళ్ళు బాగుపడాలి కదా? అమెరికాలో ఎన్‌రిచ్డ్ అనే పెద్ద ప్రయోగం ఇదే అడిగింది. గుండెపోటు వచ్చి కుంగుబాటులోనో ఒంటరితనంలోనో ఉన్న 2,481 మందిలో కొందరికి మామూలు వైద్యంతో పాటు మానసిక చికిత్స ఇచ్చారు. 2003లో ఫలితం వచ్చింది: కుంగుబాటు కొంత తగ్గింది, చావులూ మళ్ళీ గుండెపోట్లూ తగ్గలేదు. కౌన్సెలింగ్ వృథా అని దీని అర్థం కాదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి కుంగుబాటును తగ్గించగలిగింది, బాధ తగ్గడం దానికదే పెద్ద మేలు. కానీ ఇరవై ఏళ్ళ అరుగుదలను ఆరు వారాల మాటలు వెనక్కి తిప్పుతాయనుకోవడం అత్యాశ.

అరుగుదల మొదలయ్యే చోటే చెయ్యి పెడితే? ఇందుకు అనుకోకుండా దొరికిన జవాబు అమెరికా ఆదివాసీల దగ్గరే ఉంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేన్ కాస్టెల్లో 1993 నుంచి 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏటా చూస్తూ వచ్చారు. వాళ్ళలో నాలుగో వంతు చెరోకీ తెగవాళ్ళు. 1996లో చెరోకీల భూమిలో క్యాసినో తెరిచారు, లాభంలో వాటా తెగలో ప్రతి ఒక్కరికీ రావడం మొదలైంది. పేదరికం దాటిన ఇళ్ళల్లో పిల్లల మొండితనం, దుడుకు ప్రవర్తన తగ్గి, ఎప్పుడూ పేదలు కాని పిల్లల స్థాయికి వచ్చాయి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకునే తీరిక దొరకడం ముఖ్య కారణమని తేలింది. ఆందోళన, దిగులు మాత్రం అంతగా మారలేదు.

ఇలాంటి అవకాశం ఉత్తర తెలంగాణలో ఇప్పుడు కళ్ళ ముందే ఉంది. 2023 జూన్ చివర ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి, లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు భూమికి పట్టాలిచ్చామని ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తు పెట్టుకుని రానివాళ్ళూ చాలామంది ఉన్నారు, తరచూ అదే గూడెంలో, పక్క ఇంట్లోనే. తిండి ఒకటే, నీళ్ళు ఒకటే, పీహెచ్‌సీ దూరం ఒకటే. ముఖ్యంగా మారింది, రేపు ఫారెస్టోళ్ళు వస్తారన్న భయం. ఈ రెండు ఇళ్ళ రాత్రి బీపీని ఐదేళ్ళపాటు చూడటానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, చేతికి కట్టే మిషన్లూ కోయ మాట్లాడే ఆశా కార్యకర్తలూ చాలు. పట్టా వచ్చినవాళ్ళకు ముందునుంచే కాగితాలో, పలుకుబడో ఉండి ఉండొచ్చు కాబట్టి లెక్క జాగ్రత్తగా కట్టాలి. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు రుజువు ఒక్క రసీదు తేడాతో నిలిచినవాళ్ళనూ, అలాగే ఆగిపోయినవాళ్ళనూ పోలిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. ఆ దరఖాస్తుల కట్టలు గ్రామ అటవీ హక్కుల కమిటీల దగ్గర, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆఫీసుల్లో ఉన్నాయి.